మూడు నిమిషాల ప్రాణం

ఉక్కు నేల. చుట్టూ మందపాటి పాలీకార్బొనేట్ గోడలు. ఓ మూల ఎర్ర యంత్రం, ఎదుటి మూల నల్ల యంత్రం. బజర్ మోగింది. ఎర్ర యంత్రం ముందున్న ఉక్కు చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది. రొద క్షణక్షణానికీ పెరుగుతోంది. రెండూ ఢీకొన్నాయి. నిప్పురవ్వలు లేచాయి. నల్లదాని చక్రం ఒకటి ఊడి పైకెగిరింది. జనం ఒకటే ఈలలు! ఇక గెలుపు ఎర్రదానిదే అనుకుంటుండగా... అది ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. అయినా కదల్లేదు. పది అంకెలు లెక్కపెట్టారు. నల్లది కుంటుకుంటూనే గెలిచేసింది.

బయటికి తెచ్చి మూత విప్పితే తెలిసింది అసలు సంగతి. మోటార్లు బాగానే ఉన్నాయి. రేడియో బాగానే ఉంది. బ్యాటరీ ప్యాక్‌లో రెండు సెల్స్‌ని కలిపే అతుకు ఒకటి ఊడింది. అంతే!

రోబో పోరాటాలు చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. ప్రేక్షకుల కళ్లన్నీ ఆయుధం మీదే ఉంటాయి. తయారుచేసే కుర్రాళ్ల ధ్యాస కూడా చాలాసార్లు అక్కడే. చక్రం ఎంత పెద్దది, ఎంత వేగం, పళ్లు ఎన్ని... చర్చంతా ఇదే. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేలు చూసినవాళ్లకు మాత్రం అసలు విషయం ఇట్టే అర్థమవుతుంది. కత్తి ఎంత పదునైతేనేం... కోడి ఒంట్లో సత్తువ ఉండాలిగా! బరిలోకి దింపడానికి నెలల ముందు నుంచే బాదంపప్పులు పెట్టి మేపేది అందుకే. రోబోకి ఆ సత్తువ బ్యాటరీ.

చీపురు బోయి కత్తి వచ్చె

ఈ ఆట పుట్టుకే తమాషా. జార్జ్ లూకాస్ సంస్థలో పనిచేసిన మార్క్ థార్ప్ అనే అమెరికన్ 1990ల మొదట్లో ఇల్లు ఊడ్చే రిమోట్ వ్యాక్యూమ్ క్లీనర్ చేయాలని చూశాడు. అది కుదరలేదు. ఊడ్చే యంత్రం కంటే కొట్టుకునే యంత్రమైతే బాగుంటుందనిపించింది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి ‘రోబోట్ వార్స్’ పెట్టేశాడు. 1998లో బ్రిటన్‌లో బీబీసీ దాన్ని టీవీకెక్కించింది. 2000లో అమెరికా టీవీలో ‘బ్యాటిల్‌బాట్స్’ మొదలైంది. అక్కడి పెద్ద రోబోల బరువు 113 కిలోలు! మన దేశంలో ఈ ఆటకు పెద్ద వేదిక ఐఐటీ బాంబే ‘టెక్‌ఫెస్ట్’. ఇంజినీరింగ్ కాలేజీల జట్లు అక్కడికి వెళ్లి తలపడటం ఏటా ఓ పెద్ద సందడి.

ఎక్కడైనా పోరు సాధారణంగా మూడు నిమిషాలే. అంటే బ్యాటరీ బతకాల్సింది కూడా మూడు నిమిషాలే. సెల్‌ఫోన్ బ్యాటరీ రోజంతా రావాలి, ఇన్వర్టర్‌ది కరెంటు వచ్చేదాకా ఆగాలి. దీనికి మూడు నిమిషాలు చాలు. మరి కష్టమేముంది?

సిమెంటు బస్తా... రెండంతస్తుల పైనుంచి

ఉదాహరణకి 15 కిలోల తరగతి రోబోని తీసుకుందాం. దాని ముందు మూడు కిలోల ఉక్కు చక్రం. అడ్డంగా కొలిస్తే 23 సెంటీమీటర్లు, అంటే ఇంట్లో ఫలహారం ప్లేటంత. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకి 260 కిలోమీటర్లు. అందులో దాగే శక్తి దాదాపు 4,000 జౌళ్లు. యాభై కిలోల సిమెంటు బస్తాని ఎనిమిది మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ మీది నుంచి వదిలేస్తే నేలని తాకేటప్పుడు ఎంత దెబ్బో అంత!

మరి దీనికి పేద్ద బ్యాటరీ కావాలనిపిస్తుంది కదూ? కాదు. 22.2 వోల్టులు, 3 ఆంపియర్-అవర్ల చిన్న లిథియం పాలిమర్ ప్యాక్‌లో ఉండే శక్తి రెండు లక్షల నలభై వేల జౌళ్లు. నష్టాల్ని పక్కన పెడితే ఆ చక్రాన్ని అరవైసార్లు ఆగిన చోటు నుంచి పూర్తి వేగానికి లేపొచ్చు. దాని బరువు అరకిలో అటూ ఇటూ.

చిక్కంతా ‘ఎంత’ అన్నదాంట్లో లేదు, ‘ఎంత త్వరగా’ అన్నదాంట్లో ఉంది. దెబ్బ కొట్టాక చక్రం ఆగిపోతుంది. ఎదుటివాడు తేరుకునేలోపు, అంటే మూడు సెకన్లలో, మళ్లీ పూర్తి వేగం అందుకోవాలి. మోటారులో పోయే నష్టాన్ని కలుపుకొంటే అప్పుడు వంద ఆంపియర్ల దాకా కరెంటు కావాలి. ఇంట్లో గీజరు లాగేది పదే! మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఎంత పెద్దదన్నది ఒక లెక్క, దాని కింద పైపు ఎంత లావుదన్నది వేరే లెక్క. రోబోకి చిన్న ట్యాంకు, లావుపాటి పైపు కావాలి.

ఆ పైపు లావుని చెప్పేదే బ్యాటరీ మీద రాసుండే ‘సీ’ అంకె. 3 ఆంపియర్-అవర్ల ప్యాక్ మీద 40సీ అని ఉంటే మూడు నలభైలు నూట ఇరవై... అన్ని ఆంపియర్లు ఇవ్వగలదని అర్థం. ఇవ్వగలదని తయారీదారు అంటున్నాడని అర్థం, అనడం ఇంకా సరైన మాట! లేబుళ్ల మీద ఈ అంకెను ఉదారంగా వేయడం ఈ వ్యాపారంలో మామూలే. అనుభవమున్న జట్లు లేబుల్ చూసి ఊరుకోవు. ప్రతి సెల్ అంతర్గత నిరోధాన్ని మీటరుతో కొలుస్తాయి.

ఆ నిరోధం ఎందుకంత ముఖ్యమంటే... ప్యాక్ మొత్తానికి 20 మిల్లీఓములు ఉందనుకుందాం. చాలా చిన్నది. కానీ దాని గుండా 120 ఆంపియర్లు పారితే 2.4 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. 288 వాట్ల వేడి ప్యాక్ లోపలే పుడుతుంది. అరవై వాట్ల పాతకాలం బల్బులు ఐదు అరచేయంత డబ్బాలో పెట్టి వెలిగించినట్టు! పొలంలో మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారడం పల్లెల్లో అందరూ చూసిందే. రోబోలోనూ అంతే. ఆయుధం ఒక్కసారిగా లాగినప్పుడు వోల్టేజీ మరీ పడిపోతే, రేడియో రిసీవర్ ఓ క్షణం కళ్లు మూసుకుంటుంది. బరిలో ఆ ఒక్క క్షణం చాలు. అందుకే కొందరు రిసీవర్‌కి వేరే చిన్న బ్యాటరీ పెట్టేస్తారు.

సీసం నుంచి లిథియం దాకా

తొలినాళ్లలో రోబోలకు సీసం-ఆమ్లం బ్యాటరీలే దిక్కు. వీల్‌చైర్ మోటార్లు, వాటికి తగ్గ సీల్డ్ బ్యాటరీలు. మన ఇళ్లలో కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల రకమే. చవక, మొండివి, ఎక్కడైనా దొరుకుతాయి. కానీ బరువు! అలాంటివి రెండు కలిపితే నాలుగైదు కిలోలు. 15 కిలోల రోబోలో మూడో వంతు బ్యాటరీకే ధారపోయాలి.

పైగా ఇంకో తిరకాసు ఉంది. దాని మీద 7 ఆంపియర్-అవర్లని రాసి ఉంటుంది. ఆ అంకె 20 గంటలపాటు తాపీగా వాడితేనే నిజం. 40 ఆంపియర్ల చొప్పున పిండితే అందులో సగం వచ్చినా గొప్పే. ఎంత వేగంగా తోడితే అంత తక్కువ ఇస్తుందన్న ఈ గుణాన్ని జర్మన్ శాస్త్రవేత్త పాయికర్ట్ 1897లోనే సూత్రంగా రాసిపెట్టాడు.

ఆ తర్వాత నికెల్-కాడ్మియం. కార్డ్‌లెస్ డ్రిల్లింగ్ మెషిన్లలో ఉండే పొట్టి, లావు సెల్స్. ఒక్కోటి 1.2 వోల్టులు. 24 వోల్టులు కావాలంటే ఇరవై సెల్స్ వరుసగా కలపాలి. వాటిని పక్కపక్కన నిలబెట్టి, లావుపాటి రాగి అల్లికతో టంకం వేయడం ఓ కళ. పెద్ద సోల్డరింగ్ ఐరన్‌తో చటుక్కున పెట్టి చటుక్కున తీయాలి. చిన్నదాంతో నిదానంగా వేడిచేస్తూ కూర్చుంటే సెల్ లోపలి పొరలు కరుగుతాయి. సన్నని నిప్పు మీద ఎక్కువసేపు కంటే పెద్ద మంట మీద ఒక్క క్షణం మేలు. దోసె పెనం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు! ఈ సెల్స్ కరెంటు బాగా ఇస్తాయి, దెబ్బలకు ఓరుస్తాయి. కాకపోతే పోరు అయ్యేసరికి కాలిపోతుంటాయి. మళ్లీ ఛార్జింగ్ పెట్టేముందు ఫ్యాను గాలికి చల్లార్చుకోవాల్సిందే. కాడ్మియం విషం కావడం మరో ఇబ్బంది.

2000 తర్వాతి దశాబ్దంలో రిమోట్ విమానాలవాళ్ల పుణ్యమా అని లిథియం పాలిమర్ వచ్చింది. నికెల్ సెల్స్‌తో పోలిస్తే అదే బరువుకు రెండు మూడింతల శక్తి. ఒక్కో సెల్ 3.7 వోల్టులు కాబట్టి ఆరింటితోనే 22.2 అయిపోతుంది. బరువు తగ్గింది. మిగిలిన కిలోలన్నీ ఆయుధానికీ, కవచానికీ పోయాయి. దెబ్బలు అమాంతం పెరిగాయి. ప్రమాదం కూడా.

లిథియం పాలిమర్ సెల్‌కి ఉక్కు గుల్ల ఉండదు. సన్నని అల్యూమినియం రేకు సంచీ, అంతే. మేకు దిగినా, నలిగినా, లోపలి రెండు పొరలూ తాకినా మంట. ఒక సెల్ అంటుకుంటే దాని వేడికి పక్కది, దాని వేడికి ఆ పక్కది... క్షణాల్లో ప్యాక్ మొత్తం. పెద్ద పోటీల్లో రోబో పొట్టలోంచి తెల్లటి పొగ దట్టంగా లేచి, మంటలు చిమ్మడం టీవీలో చూసేవాళ్లకు వినోదం. నిర్వాహకులకు మాత్రం గుండె దడ. ఆ పొగ పీల్చదగ్గది కాదు.

దీనికి విరుగుడు కూడా ప్రయోగశాలలోంచే వచ్చింది. 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మీద ఓ పరిశోధన పత్రం వెలువడింది. దాని రచయితలు ముగ్గురు: పాఢి, నంజుండస్వామి, గుడినఫ్. మూడో పేరు 2019లో నోబెల్ అందుకున్న జాన్ గుడినఫ్‌దే. మొదటి రెండు పేర్లూ మనవాళ్లవని వేరే చెప్పాలా! ఈ రకం సెల్ అంత తేలిగ్గా అంటుకోదు. ఎంఐటీ ఆచార్యుడు యెట్ మింగ్ చియాంగ్ తదితరులు 2001లో పెట్టిన ‘ఏ123’ కంపెనీ భారీగా కరెంటు ఇచ్చేలా ఈ సెల్స్‌ని తయారుచేసింది. 2006 ప్రాంతంలో అవి డీవాల్ట్ 36 వోల్టుల పనిముట్లలోకి వచ్చాయి. ఇంకేముంది... రోబోలవాళ్లు ఆ పనిముట్ల బ్యాటరీలు కొని, పగలగొట్టి, సెల్స్ తీసుకుని తమ ప్యాక్‌లు కట్టుకున్నారు!

ఇక్కడే అసలు మీమాంస. ఆ సెల్ ఒక్కోటి 70 గ్రాములు. ఏడు కలిపితే 23 వోల్టులు, అరకిలో. కానీ నిల్వ 2.3 ఆంపియర్-అవర్లే. మన 15 కిలోల రోబో సగటున 40 ఆంపియర్లు లాగితే మూడు నిమిషాలకు సరిగ్గా 2 ఆంపియర్-అవర్లు అవుతుంది. అంటే ఒడ్డున పడటమే! అదే బరువుకి లిథియం పాలిమర్ 3 ఇస్తుంది. గెలిచే అవకాశం కాస్త ఎక్కువ, తగలబడే అవకాశం కూడా కాస్త ఎక్కువ. ఏది ఎంచుకోవాలి? ప్రతి జట్టులోనూ ఇదో పెద్ద వాదన. మొదటిసారి రోబో కట్టే కుర్రాళ్లకి ఫాస్ఫేట్ రకమే మేలు. గెలుపు ఈసారి కాకపోతే వచ్చేసారి.

కట్టడమంటే మాటలా!

ప్యాక్ కట్టడంలో మొదటి పని జతలు కలపడం. సైకిల్ చైన్ లాంటిదే ఇదీ. ఒక్క లింకు బలహీనమైతే మొత్తం అంతే బలం. ఆరు సెల్స్‌లో ఒకటి మిగతావాటికంటే ముందే ఖాళీ అయితే, దాన్ని మిగతా ఐదూ కలిసి చంపేస్తాయి. అందుకే నిల్వ, నిరోధం, వోల్టేజీ మూడూ దగ్గర్లో ఉన్నవాటినే ఏరుతారు. ప్రతి సెల్ నుంచీ ఓ సన్నని తీగ బయటికి తెస్తారు. ఛార్జర్ ఆ తీగల ద్వారానే ఒక్కో సెల్‌ని విడిగా గమనిస్తూ అన్నిటినీ సమానంగా నింపుతుంది.

గుండ్రటి లిథియం సెల్స్ అయితే టంకం వేడి పనికిరాదు. నికెల్ రేకుని స్పాట్ వెల్డింగ్ చేయాలి. మరీ సన్నని రేకైతే పోరు మధ్యలో అదే ఫ్యూజులా కాలిపోతుంది. పొరల మీద పొరలు వేయాలి, లేదంటే రాగి కలపాలి. సెల్ పైఅంచున పాజిటివ్ మూతకీ, నెగెటివ్ గుల్లకీ మధ్య ఖాళీ మిల్లీమీటర్ల లెక్కే. రేకు ఒరుసుకుంటే షార్టే. అక్కడ గట్టి కాగితపు ఉంగరాలు పెడతారు. పావలా ఖరీదు చేయని ఆ ఉంగరం వేలల రూపాయల రోబోని కాపాడుతుంది.

అంతకంటే కష్టం దెబ్బల్ని తట్టుకునేలా కట్టడం. కారులోని బ్యాటరీకి గతుకులే శత్రువు. ఇక్కడ రోబోనే గాల్లో పల్టీలు కొట్టి ఉక్కు నేలమీద పడుతుంది. సెల్స్ ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్యలో జిగురు, చుట్టూ రబ్బరు నురుగు, ఆ పైన గట్టి ప్లాస్టిక్ పెట్టె. పెట్టె దగ్గర్లో ఏ స్క్రూ మొన కూడా లోపలికి పొడుచుకు రాకూడదు. తీగల్ని బిగుతుగా లాగి కట్టకూడదు, కాస్త వదులుండాలి. మొదట్లో చెప్పుకున్న అతుకు ఊడటానికి ఎక్కువసార్లు కారణం ఆ బిగుతే.

బయట నుంచి వేలితో లాగేయగలిగే ‘లింక్’ ఒకటి ఉండాలన్నది చాలా పోటీల్లో నియమం. ఓ చిన్న ప్లగ్గు. అది పెడితేనే రోబోకి ప్రాణం, లాగితే చచ్చినట్టు పడుంటుంది. కరెంటు ఉందని చెప్పే దీపం కూడా వెలగాలి. లింక్ పెట్టేది బరిలోకి చేరాకే. పోరు ముగిశాక ముందు దాన్ని లాగి, ఆ తర్వాతే రోబో మీద చేయి వేస్తారు. గెలిచిన ఉత్సాహంలో పరుగెత్తుకెళ్లి కౌగిలించుకోవడాలు ఉండవు!

హాస్టల్ గదిలో వద్దు

ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఇది. బరిలో బ్యాటరీ అంటుకుంటే చుట్టూ గోడలున్నాయి, మంటలార్పే మనుషులున్నారు. ఛార్జింగ్ పెట్టేది మాత్రం హాస్టల్ గదిలో, మంచం పక్కన, దుప్పటి మీద! అసలు భయం అక్కడ.

నియమాలు కష్టమైనవేం కావు. లిథియం పాలిమర్ ప్యాక్‌లో ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. 3 వోల్టుల కిందకి దిగకూడదు. 3 ఆంపియర్-అవర్ల ప్యాక్‌ని 3 ఆంపియర్లతోనే నింపాలి, అంటే దాదాపు గంట. అన్ని సెల్స్‌నీ సమానం చేసే ఛార్జరే వాడాలి. నేలమీద గచ్చు పలకమీదో, ఇసుక పోసిన మట్టికుండలోనో, నిప్పుకి తట్టుకునే సంచీలోనో పెట్టాలి. పక్కన మనిషి ఉండాలి. రాత్రి పెట్టి నిద్రపోవడం అన్నమాటే వద్దు. పోటీ వాయిదా పడితే నిండుగా వదిలేయకుండా సెల్‌కి 3.8 వోల్టులకి దించి దాచాలి. ప్యాక్ ఉబ్బిందా... ఇక దానికి సెలవే. ‘ఇంకొక్క ఆట’ అనే మాటే కొంప ముంచుతుంది. పాతదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. సేకరణ కేంద్రానికి అప్పగించాలి.

విమానంలో వెళ్లేవాళ్లకు మరో సంగతి. రోబో సామాన్లలో వెళ్లొచ్చు, విడి లిథియం ప్యాక్ మాత్రం చేతిసంచీలోనే ఉండాలి. 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. మన 22.2 వోల్టుల ప్యాక్ 66.6 వాట్-అవర్లే కాబట్టి చిక్కులేదు. కొసలకి టేపు వేసి ఒక్కోదాన్ని విడిగా పెట్టుకుంటే చాలు.

ఛార్జర్ చెప్పే నిజం

పోరు ముగిసింది. ప్యాక్ బయటికొచ్చింది. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటే సరే. పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఎక్కడో లెక్క తప్పినట్టు. కాసేపు చల్లారనిచ్చి ఛార్జింగ్ పెడతారు. నిండాక ఛార్జర్ తెర మీద ఓ అంకె కనపడుతుంది. ఈ పోరులో రోబో నిజంగా ఎంత తిందో అది చెప్పేస్తుంది. కాగితం మీద 2,000 మిల్లీఆంపియర్-అవర్లు అనుకున్నది 1,500 వచ్చిందనుకోండి. రెండు మూడు పోరాటాల్లోనూ అంతే వస్తే, వచ్చేసారి 3 ఆంపియర్-అవర్ల ప్యాక్ బదులు 2.2ది చాలు. నూరు గ్రాములకు పైనే మిగులుతుంది. అయితే చిన్న ప్యాక్‌కి అదే సీ అంకె ఉంటే కరెంటూ తగ్గిపోతుంది, 40సీ అంటే ఇక 88 ఆంపియర్లే. అంతకంటే మంచి సెల్ వెతకాలి. అది దొరికిందా... ఇక జట్టులో మళ్లీ గొడవ. ఆ నూరు గ్రాములూ చక్రానికా, కవచానికా?